ఒట్టో బ్రౌన్ – ప్రష్యా కోట

జర్మనీలో ఫాసిజం ఎట్లా గెలిచిందని అడిగితే మనవాళ్ళ దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. సోషల్ డెమొక్రాట్లు ద్రోహం చేశారని ఒకటి. కమ్యూనిస్టులు చీలిక తెచ్చారని మరొకటి. చెప్పేవాడి పార్టీని బట్టి జవాబు మారుతుంది. రెండింటికీ ఉమ్మడిగా ఒక సుగుణం ఉంది: ఆ తర్వాత ఇక ఆలోచించే పని ఉండదు. నేను తెలుగు సాహిత్యం చెప్పుకొని బతికేవాణ్ణి. జర్మనీ చరిత్ర నా వృత్తి కాదు. అయినా ఆ దేశంలో ఒక రాష్ట్రాన్ని పన్నెండేళ్ళు ఏలిన ఒక మనిషి కథ నన్ను వదలడం లేదు. ఎన్నికలలో నెగ్గి ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని చేతిలోకి తీసుకున్న శ్రామికవర్గ పార్టీ, కేంద్రం ఎదటి వర్గం చేతిలో ఉండగా ఆ ప్రభుత్వంతో ఏం చేయగలదు అన్నది మన దేశంలో 1957 నాటి కేరళతో పుట్టిన ప్రశ్న. ఐరోపాలో ఆ ప్రశ్న అంతకు చాలా ముందే, చాలా పెద్ద ఎత్తున వచ్చింది. అది వచ్చిన చోటు ప్రష్యా. ఆ మనిషి పేరు ఒట్టో బ్రౌన్.

ప్రష్యాను "రాష్ట్రం" అనగానే మన పాఠకుడు పొరబడే ప్రమాదం ఉంది. వైమార్ రిపబ్లిక్కులో చిన్నా పెద్దా పదిహేడు పద్దెనిమిది రాష్ట్రాలుండేవి. దేశ జనాభాలోను, విస్తీర్ణంలోను అయిదింట మూడు వంతులు ప్రష్యా ఒక్కటే. రూర్ బొగ్గు, ఎస్సెన్ ఉక్కు, సైలీషియా గనులు, తూర్పున మైళ్ళకు మైళ్ళు జమీలు, నడుమ బెర్లిన్ మహానగరం, అన్నీ దాని హద్దులలోవే. సైన్యం కేంద్రానిది, వెర్సాయ్ సంధి దాన్ని లక్ష మందికి కుదించింది. పోలీసు రాష్ట్రాలది, ప్రష్యా చేతిలో యూనిఫారం పోలీసులే 50 వేల దాకా ఉండేవారు. ఇంకొక విశేషం మనవాళ్ళు గమనించదగింది. 1920 నవంబరు 30 నాటి ప్రష్యా రాజ్యాంగంలో రాష్ట్రానికి అధ్యక్షుడు లేడు, గవర్నరు అసలే లేడు. ముఖ్యమంత్రిని శాసనసభ ఎన్నుకోవాలి, శాసనసభే దించాలి. ఇంత బలమైన రాష్ట్ర ప్రభుత్వం ఏ దేశంలోనైనా ఏ సోషలిస్టుకైనా అంతకుముందు దక్కిందని చెప్పలేం. శత్రువులు బ్రౌన్‌ను "ప్రష్యా ఎర్ర జారు" అని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింతలో భయం కూడా ఉంది.

అతడు 1872 జనవరి 28న కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. కాంట్ పుట్టిన ఊరు అది. 1945 తర్వాత సోవియట్ దేశంలో చేరి కాలినిన్‌గ్రాడ్ అయింది. తండ్రి మొదట సొంతంగా చెప్పులు కుట్టుకునేవాడు, తర్వాత రైల్వేలో చిన్న ఉద్యోగి అయ్యాడు. కొడుకు అచ్చుపని నేర్చుకున్నాడు. బిస్మార్కు చట్టం సోషలిస్టు పార్టీని నిషేధించి ఉన్న రోజులలోనే, 1888లో, పదహారేళ్ళ వయసులో ఆ పార్టీలో చేరాడు. పార్టీ పత్రిక అచ్చువేయడం, పత్రికకు రాయడం, కార్మికుల ఆరోగ్యబీమా సంఘం నడపడం, ఇవి అతని చదువు. కళాశాల చదువు లేదు. ఈ వర్గంనుంచి, ఈ దారిన వచ్చిన మనిషి ఒక మహారాష్ట్రానికి ముఖ్యమంత్రి కావడంలోని ఘనతను మనం తక్కువ చేయనక్కరలేదు.

కోనిగ్స్‌బర్గ్ చుట్టూ ఉన్న పల్లెలు యుంకర్లవి. యుంకరంటే తూర్పు ప్రష్యా జమీందారు. అతని కొడుకులు సైన్యంలో అధికారులు, అల్లుళ్ళు కలెక్టర్లు. వేలాది జమీలు ఏ గ్రామ పంచాయితీలోనూ చేరకుండా తమకు తామే ఒక్కొక్క పాలనాఖండంగా ఉండేవి. వాటిలో జమీందారే మునసబు, జమీందారే కరణం, జమీందారే పోలీసు. పాలేర్లకు "సేవకుల చట్టం" ఒకటి విడిగా ఉండేది. దాని కింద వారికి సమ్మె హక్కు లేదు. బ్రౌన్ ఈ పాలేర్ల మధ్య పనిచేశాడు. 1909లో వ్యవసాయకూలీల సంఘాన్ని నిలబెట్టినవారిలో అతడొకడు. జర్మన్ సోషలిస్టులలో అధికులు నగరం మనుషులు, పొలం సంగతి వారికి పుస్తకాలలోనే తెలుసు. బ్రౌన్‌కు అది ఇంటి వెనుక సంగతి. ఈ విషయం గుర్తు పెట్టుకోవాలి. 1918 తర్వాత జరిగినదానికి ఇది కొలబద్ద.

1904లో కోనిగ్స్‌బర్గ్‌లో ఒక పెద్ద కేసు నడిచింది. జారుకు వ్యతిరేకమైన విప్లవ సాహిత్యాన్ని సరిహద్దు దాటించి రష్యాలోకి పంపుతున్నారని కొందరు సోషలిస్టుల మీద అభియోగం. పరాయి చక్రవర్తిని అవమానించారని జర్మన్ కోర్టు విచారణ జరిపింది. రాజులకు రాజులు ఎంత దగ్గరో దీన్ని బట్టి తెలుస్తుంది. ముద్దాయిలలో బ్రౌన్ ఉన్నాడు. విచారణకు ముందు నెలల తరబడి జైలులో ఉండి, చివరకు నిర్దోషిగా బయటపడ్డాడు. ముద్దాయిల తరఫున వాదించిన వకీళ్ళలో హూగో హాసె, కార్ల్ లీబ్‌నెక్ట్ ఉన్నారు. పదిహేనేళ్ళ తర్వాత, 1919 జనవరి 15న, బెర్లిన్‌లో సైనికాధికారులు లీబ్‌నెక్ట్‌ను, రోజా లక్సెంబర్గ్‌ను చంపారు. అప్పుడు దేశ ప్రభుత్వం సోషల్ డెమొక్రాట్లది, ప్రష్యా వ్యవసాయమంత్రి ఒట్టో బ్రౌన్. ఆ హత్యలో అతని చేయి లేదు. అయినా ముద్దాయికీ వకీలుకూ మధ్య ఆ పదిహేనేళ్ళలో పడిన అగాధం జర్మన్ శ్రామికోద్యమం నడుమ పడిన అగాధమే. అది తర్వాత పూడలేదు.

యుద్ధానికి ముందు ప్రష్యా శాసనసభ ఎన్నిక ఎట్లా జరిగేదో మన విద్యార్థులు తెలుసుకోవాలి. కట్టే పన్నును బట్టి ఓటర్లను మూడు తరగతులు చేసేవారు. మొదటి తరగతిలో నూటికి నలుగురైదుగురు ధనవంతులు. మూడవదానిలో నూటికి ఎనభైమంది పేదలు. మూడు తరగతులకూ సమానమైన బలం. ఓటు రహస్యం కాదు, అందరి ముందూ నోటితో చెప్పాలి. పాలేరు జమీందారు గుమస్తా ఎదుట చెప్పాలి. 1913లో సోషల్ డెమొక్రాట్లకు నాలుగవ వంతుకు మించి ఓట్లు పడ్డాయి. వచ్చిన స్థానాలు 443లో 10. ఆ పదిమందిలో బ్రౌన్ ఒకడు. అటువంటి సభలో కూచున్నవాడికి సమానమైన ఓటు అనేది ఎంత పవిత్రమైన వస్తువుగా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు. 1918 నవంబరులో చక్రవర్తి పారిపోయి, మూడు తరగతుల ఓటు ఒక్క దెబ్బతో కూలినప్పుడు, బ్రౌన్‌కు విప్లవం పూర్తయినట్టే తోచింది. అతని తర్వాతి జీవితంలోని బలమూ, గుడ్డితనమూ ఇక్కడినుంచే వచ్చాయని నా అభిప్రాయం.

ఎందుకంటే వ్యవసాయమంత్రి అయిన తర్వాత అతడు జమీలను ముట్టుకోలేదు. సేవకుల చట్టం పోయింది, పాలేర్లకు సంఘం పెట్టుకునే హక్కు వచ్చింది. ఇవి పెద్ద మార్పులే. భూమి మాత్రం కదలలేదు. యుద్ధం ఓడిన దేశంలో తిండిగింజలు లేవు. జమీలను పంచితే నగరాలు మాడిపోతాయన్న భయం ఉంది. 1919 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం కొద్ది కొద్దిగా భూమి కొని చిన్న రైతులకు ఇవ్వడానికి వీలిచ్చింది. అది నత్తనడక నడిచింది. జమీల పాలనాధికారాన్ని రద్దు చేయడానికే 1927 డిసెంబరు దాకా పట్టింది. అప్పుడు దాదాపు 12 వేల జమీఖండాలు రద్దయి గ్రామాలలో కలిశాయి. జమీందారు మునసబుగిరీ పోయింది, జమీ నిలిచింది. యుంకర్ల సంగతి పార్టీలో అందరికన్న ఎక్కువ ఎరిగినవాడు మంత్రిగా ఉండగా యుంకరు బతికిపోయాడు.

1920 మార్చి 13న కాప్ అనే అధికారి, జనరల్ ల్యుట్‌విట్జ్ కలిసి బెర్లిన్‌ను ఆక్రమించారు. దేశ ప్రభుత్వం పారిపోయింది. సైన్యం తుపాకి ఎత్తడానికి ఒప్పుకోలేదు. అప్పుడు రిపబ్లిక్కును కాపాడినది సార్వత్రిక సమ్మె. రైళ్ళు ఆగాయి, కరెంటు ఆగింది, నీళ్ళు ఆగాయి, గుమస్తాలు సంతకాలు పెట్టలేదు. మార్చి 17కి కుట్రదారులు పరారయ్యారు. సమ్మె చేసిన కార్మికులు పాత మంత్రుల అసమర్థతను సహించలేకపోయారు. ప్రష్యాలో హిర్ష్ మంత్రివర్గం దిగిపోయింది; మార్చి నెలాఖరులో బ్రౌన్ ముఖ్యమంత్రి, కార్ల్ సెవెరింగ్ హోంమంత్రి అయ్యారు. అంటే బ్రౌన్ కుర్చీ సమ్మె పెట్టిన కుర్చీ.

1921లో కొన్ని నెలలూ, 1925లో కొన్ని వారాలూ తప్పిస్తే 1932 దాకా అతడు దిగలేదు. అదే కాలంలో బెర్లిన్‌లోని కేంద్ర మంత్రివర్గాలు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచి పడిపోయాయి. సోషల్ డెమొక్రాట్లు, కాథలిక్కుల సెంటర్ పార్టీ, డెమొక్రాట్లు, ఈ మూటిని అతడు ఒక బండికి కట్టి తోలాడు. మనిషి మితభాషి, మొండివాడు, ఎవరికీ లొంగడు. కాప్ కుట్రను సమర్థించిన అధికారులను సెవెరింగ్ ఏరివేశాడు. పోలీసుకు కొత్తగా శిక్షణ ఇచ్చి రిపబ్లిక్కు పోలీసుగా మలిచే ప్రయత్నం చేశారు. పల్లెబడి పంతులు కూడా కళాశాల స్థాయి చదువు చదవాలని 1926 నుంచి ఉపాధ్యాయ అకాడమీలు తెరిచారు. పంతుళ్ళమైన మనకు ఇది చిన్న విషయం కాదు. 1925 నుంచి 1928 దాకా హిట్లరు ప్రష్యాలో బహిరంగ సభలో నోరెత్తడానికి వీల్లేకుండా చేశారు. 1930లో ప్రభుత్వోద్యోగులు నాజీ పార్టీలో చేరరాదని ఆజ్ఞ జారీ చేశారు. అదే ఆజ్ఞ కమ్యూనిస్టు పార్టీకీ వర్తింపజేశారన్నది వేరే కథ. ప్రష్యా రిపబ్లిక్కుకు పెట్టనికోట అన్న మాట ఆ రోజులలోనే పుట్టింది. ఆ మాట అబద్ధం కాదు.

1925లో ఆ కోట నాయకుణ్ణి దేశాధ్యక్ష పదవికి నిలబెట్టారు. మార్చి 29న మొదటి విడతలో బ్రౌన్‌కు 78 లక్షల ఓట్లు వచ్చి రెండవ స్థానంలో నిలిచాడు. రెండవ విడతలో సెంటర్ పార్టీ నాయకుడు మార్క్స్ కోసం పార్టీ అతణ్ణి తప్పించింది. ప్రతిఫలంగా ప్రష్యా ముఖ్యమంత్రిత్వం అతనికి తిరిగి దక్కింది. మితవాదులు ముసలి సేనాధిపతి హిండెన్‌బర్గ్‌ను దింపారు. అతడు దాదాపు 9 లక్షల ఓట్ల తేడాతో గెలిచాడు. కమ్యూనిస్టు అభ్యర్థి థేల్మన్ చివరిదాకా బరిలో ఉండి 19 లక్షలు తెచ్చుకున్నాడు. ఈ అంకెలు చూసి నిట్టూర్చనివాడు వామపక్షీయుడు కాడు. ఇంతకూ హిండెన్‌బర్గ్ యుంకరు, బ్రౌన్ యుంకర్ల పగవాడు. అయినా ఇద్దరికీ వేట ఇష్టం, ఆ మాటల మీద ఇద్దరికీ కొంత సఖ్యత కుదిరింది. బ్రౌన్ ఆ సఖ్యతను నమ్మాడు.

కోటకు రెండవ ముఖం 1929 మే నెలలో కనిపించింది. మేడే ఊరేగింపులను బెర్లిన్ పోలీసు అధిపతి జోర్గీబెల్ నిషేధించాడు. అతడు సోషల్ డెమొక్రాటు. నిషేధాన్ని ధిక్కరించి కమ్యూనిస్టులు వీధికెక్కారు. వెడ్డింగ్, నాయ్‌కోల్న్ కార్మికవాడలలో మూడు రోజులు పోలీసులు సాయుధ శకటాలతో తిరిగి కాల్పులు జరిపారు. 30 మందికి పైగా పౌరులు చనిపోయారు; వారిలో కిటికీ దగ్గర నిలుచున్నవాళ్ళూ, దారినపోయేవాళ్ళూ ఉన్నారు. తుపాకి దెబ్బకు చచ్చిన పోలీసు ఒక్కడూ లేడు. ఆ తర్వాత కమ్యూనిస్టుల రక్షక దళాన్ని నిషేధించారు. మేడే నాడు కార్మికులను కాల్చిన ప్రభుత్వం కార్మికుల కోట ఎట్లా అవుతుందని వెడ్డింగ్‌లో ఒక తల్లి అడిగితే బ్రౌన్ దగ్గర జవాబు లేదు. "సోషల్ ఫాసిజం" అనే తప్పుడు సిద్ధాంతం మాస్కోలో తయారైన మాట నిజమే. అది బెర్లిన్ వీధులలో నమ్మదగినట్టు కనిపించడానికి మాత్రం ఈ రక్తం కారణం.

1930 తర్వాత కథ మరీ చిక్కుపడింది. కేంద్రంలో సెంటర్ పార్టీకి చెందిన బ్రూనింగ్ 48వ అధికరణం కింద అధ్యక్షుని ఆర్డినెన్సులతో పాలించాడు. జీతాలు కోశాడు, నిరుద్యోగభృతి కోశాడు. సోషల్ డెమొక్రాట్లు అతణ్ణి పడగొట్టగలరు. పడగొడితే ప్రష్యాలో సెంటర్ పార్టీ మద్దతు పోతుంది, బ్రౌన్ ప్రభుత్వం కూలుతుంది, పోలీసు నాజీల పాలవుతుంది. కాబట్టి "సహించారు". ప్రష్యాను కాపాడుకోవడం కోసం ప్రష్యా కార్మికుని కూడు కోతను సహించారు. కోటను నిలబెట్టడానికి కోటలోపలివాళ్ళను పస్తులుంచడం వంటిది ఇది. ఈ లెక్కలో తర్కం ఉన్నది, దాన్ని నేను హేళన చేయను. కాని 1932 నాటికి ఆ పస్తులున్నవాళ్ళలో కోటకోసం గుండె చూపడానికి ఎందరు మిగిలారన్నది ఆ లెక్కలో లేదు.

ఇక కమ్యూనిస్టుల వంతు. ప్రష్యా శాసనసభను రద్దు చేయాలని "ఉక్కు టోపీ" అనే మాజీ సైనికుల మితవాద సంఘం 1931లో ప్రజాభిప్రాయ సేకరణకు పిలుపునిచ్చింది. నాజీలు కలిశారు. జర్మన్ కమ్యూనిస్టు నాయకత్వం మొదట వద్దనుకొని, కొమింటర్న్ ఒత్తిడి మీద జులైలో మనసు మార్చుకుంది. దానికి "ఎర్ర రెఫరెండం" అని పేరు పెట్టుకుంది. పేరు మారితే ఓటు రంగు మారుతుందా? ఆగస్టు 9న ఎర్రజెండావాడూ, స్వస్తికవాడూ ఒకే పెట్టెలో ఒకే జవాబు వేశారు. ఓటర్లలో 37 శాతమే మద్దతిచ్చారు గనుక, సగానికి సగం కావాలి గనుక, ఆ ప్రయత్నం విఫలమైంది. కార్మికవాడలలో చాలామంది కమ్యూనిస్టు ఓటర్లు ఆ రోజు ఇల్లు కదలలేదు. పార్టీ నాయకులకన్న వాళ్ళకు తెలివి ఉంది. ఈ పుటను మన పుస్తకాలు గబగబా తిప్పేస్తాయి. తిప్పకూడదు. బ్రౌన్ ప్రభుత్వం మే నెలలో చేసిన పాపానికి ఇది జవాబు అయితే, ఆ జవాబువల్ల లాభపడినవాడు ఎవడో చూడాలి.

1932 ఏప్రిల్‌లో రెండు సంగతులు జరిగాయి. 10వ తేదీన హిట్లరును ఓడించడంకోసం సోషల్ డెమొక్రాట్లు హిండెన్‌బర్గ్‌కే ఓటు వేసి గెలిపించారు. బ్రౌన్ స్వయంగా అతని పక్షాన విజ్ఞప్తి చేశాడు. 24వ తేదీన ప్రష్యా శాసనసభ ఎన్నిక. నాజీలు 6 స్థానాలనుంచి 162కు పెరిగారు. సోషల్ డెమొక్రాట్లు 137నుంచి 94కు పడిపోయారు. కమ్యూనిస్టులకు 57. మొత్తం 423. నాజీలూ కమ్యూనిస్టులూ కలిస్తే ఏ ప్రభుత్వాన్నైనా దించగలరు, వాళ్ళిద్దరూ కలిసి మరొక ప్రభుత్వాన్ని పెట్టలేరు. పాత సభ చివరి రోజులలో ఒక ఉపాయం చేసి పోయింది: కొత్త ముఖ్యమంత్రికి సగానికి మించిన ఓట్లు రావాలని నియమావళి సవరించింది. ఆ విధంగా బ్రౌన్ రాజీనామా ఇచ్చి కూడా ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా ఉండిపోయాడు. చట్టప్రకారం తప్పేమీ లేదు. ప్రజల కంటికి మాత్రం అది తలుపు గొళ్ళెం పెట్టుకొని కూర్చోవడంలా కనిపించింది. బ్రౌన్‌కు ఆరోగ్యం పాడైంది. భార్య మంచానపడింది; ఒక్కగానొక్క కొడుకు మొదటి ప్రపంచయుద్ధానికి పోయి తిరిగి రాలేదు. జూన్ 6న బాధ్యతలు ఉపముఖ్యమంత్రి హిర్ట్‌సీఫర్‌కు అప్పగించి సెలవు మీద వెళ్ళాడు. మళ్ళీ రాకూడదనే వెళ్ళాడు.

అప్పటికి కేంద్రంలో బ్రూనింగ్ పోయి పాపెన్ వచ్చాడు. నాజీ తుపాను దళాలపై ఉన్న నిషేధాన్ని ఎత్తివేశాడు. వీధులలో హత్యలు మొదలయ్యాయి. జులై 14న హిండెన్‌బర్గ్ ప్రష్యా ప్రభుత్వాన్ని తొలగించే ఆర్డినెన్సు మీద తేదీ వేయకుండా సంతకం పెట్టాడు. పెట్టిన చోటు నాయ్‌డెక్, అతని జమీ. ఆ జమీ 1927లో యుంకర్లూ పారిశ్రామికులూ చందాలు వేసి అతనికి కానుక ఇచ్చినది. 1919లో ముట్టుకోని జమీ 1932లో తన పని తాను చేసుకుంది. మూడు రోజులకు ప్రష్యాలోని ఆల్టోనా పట్టణంలో నాజీల ఊరేగింపు కార్మికవాడలోకి చొచ్చుకుపోయి 18 మంది చనిపోయారు. దాన్ని సాకు చేసుకున్నారు. ఇంకొక సాకు కూడా ఉంది. ప్రష్యా హోంశాఖ కార్యదర్శి ఆబెగ్ జూన్ నెలలో ఇద్దరు కమ్యూనిస్టు నాయకులను పిలిచి, నాజీలకు ఎదురుగా కలిసి నిలిచే వీలుందేమో మాట్లాడాడు. ఆ గదిలోనే ఉన్న డీల్స్ అనే ఉద్యోగి ఆ మాటలను పాపెన్ మనుషులకు చేరవేశాడు. కమ్యూనిస్టులతో కుమ్మక్కయ్యారని అభియోగం తయారైంది. సోషల్ డెమొక్రాట్ల ప్రభుత్వంనుంచి కమ్యూనిస్టులవైపు చాపిన ఆ ఒక్క చేయి, పార్టీ మనిషిది కూడా కాదు, ఒక ఉద్యోగిది. దాన్నే నేరం చేశారు. ఆ డీల్స్‌నే 1933లో గెస్టపోకు మొదటి అధిపతిని చేశారు.

జులై 20 ఉదయం పది గంటలకు పాపెన్ ప్రష్యా మంత్రులను పిలిపించి ఆర్డినెన్సు చదివి వినిపించాడు. బెర్లిన్‌లో సైనికపాలన, అధికారం జనరల్ రుండ్‌స్టెట్‌ది. బలప్రయోగానికి తప్ప లొంగనని సెవెరింగ్ అన్నాడు. బలప్రయోగం సాయంకాలం వచ్చింది: కొత్త హోం కమిషనరు, కొత్త పోలీసు అధిపతి, వాళ్ళ వెంట ఇద్దరు పోలీసు అధికారులు. 50 వేల పోలీసు బలగం గల హోంమంత్రి ఆ ఇద్దరిని చూసి గది ఖాళీ చేశాడు. పోలీసు అధిపతి గ్రెజిన్‌స్కీని, ఉపాధిపతి బెర్న్‌హార్డ్ వైస్‌ను అరెస్టు చేసి, పదవి నిర్వహించబోమని సంతకం పెట్టించుకొని ఆ రోజే వదిలేశారు. వైస్ యూదుడు, గోబెల్స్ పత్రిక ఏళ్ళ తరబడి అతణ్ణి పేరుపెట్టి దూషించింది. బ్రౌన్ ఇంట్లో ఉన్నాడు. అతని తొలగింపు ఉత్తరం ద్వారా తెలిసింది.

పోరాడవలసిందా? బ్రౌన్ పక్షాన చెప్పవలసింది చాలా ఉంది, దాచకుండా చెబుతాను. 1920లో సమ్మెచేసిన కార్మికునికి పని ఉండేది. 1932లో 50 లక్షలకు పైబడిన నిరుద్యోగులు ఫ్యాక్టరీ గేటు బయట నిలుచుని ఉన్నారు. ప్రష్యా పోలీసు సైన్యంపై తుపాకి ఎత్తుతుందన్న నమ్మకం లేదు. ఏప్రిల్‌లో ఓడిపోయిన ప్రభుత్వంకోసం ప్రాణమివ్వమని ఎవరిని అడగాలి? పదకొండు రోజులలో కేంద్ర ఎన్నికలున్నాయి. కమ్యూనిస్టు పార్టీ ఆ రోజే సార్వత్రిక సమ్మెకు పిలుపునిచ్చింది. అంతకుముందు ఏడాది అదే ప్రభుత్వాన్ని కూల్చమని ఓటు వేయించిన నోటి పిలుపు అది, ఎవరూ కదలలేదు. ఇవన్నీ నిజాలే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే బ్రౌన్‌ను తప్పుపట్టడం కష్టం.

నాకు మాత్రం జులై 20న ఏం చేయలేకపోయారన్నది అసలు ప్రశ్నగా తోచదు. అంతకు నాలుగు రోజుల ముందు, జులై 16న, ఏం జరిగినా రాజ్యాంగ పరిధి దాటరాదని పార్టీ నాయకత్వం తీర్మానించుకున్నది. ఎదటివాడు ఆ పరిధిని బూటుకాలితో తొక్కడానికి సిద్ధపడ్డాడని తెలిసి చేసిన తీర్మానం అది. "రైఖ్‌స్‌బానర్" అనే రిపబ్లికన్ రక్షకదళంలో వేలమంది ఆ రోజంతా ఒక మాటకోసం ఎదురుచూశారు. ఓడినా ఫరవాలేదు, ఒక మాట. మాటకు బదులు కోర్టు దావా వచ్చింది. పారిస్ కమ్యూన్‌ను గూర్చి మార్క్సు రాసింది చదివినవాళ్ళు ఇక్కడ తల ఊపుతారు. తయారుగా ఉన్న రాజ్యయంత్రాన్ని చేతిలోకి తీసుకుంటే చాలదని అతడు ఏనాడో చెప్పాడు. తల ఊపడం తేలిక. బ్రౌన్ ఆ యంత్రాన్ని ఊరికే చేతిలోకి తీసుకోలేదు, పన్నెండేళ్ళు మరమ్మతు చేశాడు, మనుషులను మార్చాడు, చట్టాలు మార్చాడు. అయినా అది ఒక్క పూటలో యజమానిని మార్చుకుంది. ఆ పన్నెండేళ్ళలో ప్రభుత్వం కార్మికుని పేరిట నడిచింది, కార్మికుని చేత నడవలేదు. 1920లో తన కుర్చీని పెట్టిన చేతులను బ్రౌన్ మళ్ళీ ఎన్నడూ పిలవలేదు. పిలవడానికి అలవాటు తప్పిపోయింది. బెర్లిన్‌లో ఆ అవకాశాన్ని ఎవరు గుర్తించారంటే గోబెల్స్. ఎర్రవాళ్ళు తమ గడియను జారవిడుచుకున్నారని అతడు తన డైరీలో రాసుకున్నాడు.

దావా లైప్‌జిగ్ కోర్టుకు వెళ్ళింది. కేంద్రం పక్షాన వాదించినవారిలో కార్ల్ ష్మిట్, ప్రష్యా పక్షాన ఆర్నల్డ్ బ్రెఖ్ట్, సోషల్ డెమొక్రాట్ సభ్యుల పక్షాన హెర్మన్ హెల్లర్. అక్టోబరు 25న తీర్పు వచ్చింది. కమిషనరు నియామకం తాత్కాలికంగా చెల్లుతుంది. కాని బ్రౌన్ మంత్రివర్గమే ప్రష్యాకు న్యాయమైన ప్రభుత్వం, రాష్ట్రాల మండలిలో మాట్లాడే హక్కు దానిదే. అంటే ఒకరికి గుర్రం, మరొకరికి కళ్ళెం. బ్రౌన్ ఆ కళ్ళెం పట్టుకొని కొన్ని నెలలు కూర్చున్నాడు. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులను నిలిపివేసే పద్ధతి మన రాజ్యాంగానికి వైమార్‌నుంచి వచ్చిందని మన విద్యార్థులు పరీక్షలకు బట్టీపడతారు. ఆ పద్ధతి పుట్టింట్లో ఏం చేసిందో ఏ గైడులోనూ ఉండదు. 1959 జులై 31న కేరళ మంత్రివర్గం 356వ అధికరణం కింద రద్దయింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి రద్దును కోర్టు పరిశీలించవచ్చునని తేల్చింది. కేరళలో ఇ.ఎం.ఎస్. 1967లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడంటే కోర్టు వల్ల కాదు. పదవి పోయిన మర్నాడు కూడా పార్టీకి వెళ్ళడానికి కయ్యూరు వంటి ఊళ్ళు ఉన్నాయి. పోలిక ఇంతకు మించి లాగను. నెహ్రూ పాపెన్ కాడు, 1959 నాటి ఢిల్లీలో హిట్లరు లేడు.

1933 జనవరి 30న హిట్లరు ఛాన్సలర్ అయ్యాడు. ప్రష్యా హోంశాఖ కమిషనరుగా గోరింగ్ వచ్చాడు. పాపెన్ జులైలో ఖాళీ చేయించిన గదిలో అతడు తేలికగా కూర్చున్నాడు. ఫిబ్రవరి 6న మరొక ఆర్డినెన్సు బ్రౌన్ చేతిలోని కళ్ళాన్ని కూడా లాక్కుంది. 17న, జాతి శత్రువులపై తుపాకి వాడటానికి వెనుకాడవద్దని గోరింగ్ పోలీసుకు ఉత్తర్వు ఇచ్చాడు. 22న 50 వేల మంది తుపాను దళంవాళ్ళూ, ఎస్.ఎస్.వాళ్ళూ, ఉక్కు టోపీవాళ్ళూ సహాయ పోలీసులయ్యారు. రిపబ్లిక్కు కోసం తయారుచేసిన పోలీసు యంత్రం చెడిపోకుండా, చక్కగా నూనె వేసి ఉన్న స్థితిలో, ఫాసిస్టుల చేతికి వచ్చింది. సోషల్ డెమొక్రాట్లకూ, కమ్యూనిస్టులకూ నిర్బంధ శిబిరాలలో పక్కపక్క చోటు దొరికింది. 1932 నవంబరు ఎన్నికలో ఈ రెండు పార్టీల ఓట్లు కలిపితే నాజీల ఓట్లకన్న ఎక్కువ.

రైఖ్‌స్టాగ్ తగలబడిన తర్వాత, మార్చి 4న, అంటే ఎన్నికకు ఒక రోజు ముందు, బ్రౌన్ స్విట్జర్లాండుకు వెళ్ళిపోయాడు. ఉండి ఉంటే బతికేవాడు కాడేమో. కాని ఆ రోజు వెళ్ళడం అతని పార్టీవాళ్ళు చాలాకాలం క్షమించలేదు. నాజీ ప్రచారం ఆ వార్తను ఎన్నిక రోజునే వాడుకుంది. అంతటి మొండివాడు ఇరవై నాలుగు గంటలు ఆగలేకపోయాడా అని నేనూ అనుకుంటాను. అరవై ఒక్క ఏళ్ళవాడు, జబ్బుమనిషి, భార్య చావుకు దగ్గరగా ఉంది, ఇదీ అనుకుంటాను. మరుసటి ఏడాది ఆమె చనిపోయింది.

ఆస్కోనా అనే ఊళ్ళో కూరగాయలు పండించుకుంటూ, డబ్బుకు ఇబ్బంది పడుతూ అతడు 1940లో తన స్మృతులను ప్రచురించాడు. హిట్లరు రావడానికి కారణం వెర్సాయ్, మాస్కో అని అందులో తేల్చాడు. ఒక మాజీ ముఖ్యమంత్రి వేళ్ళు మడిచి లెక్కపెడితే రెండు ఊళ్ళ పేర్లూ దేశం బయటివే వచ్చాయి. వెర్సాయ్ అవమానమూ నిజం, 1931 నాటి మాస్కో ఒత్తిడీ నిజం. నాయ్‌డెక్ పేరు లేకపోవడమే నన్ను ఆశ్చర్యపెడుతుంది. తూర్పు ప్రష్యా పాలేర్ల మధ్య ఎదిగినవాడికి ఆ ఊరు గుర్తు రావలసింది.

1945లో యుద్ధం ముగిసేసరికి అతనికి డెబ్బై మూడేళ్ళు. తన మంత్రివర్గాన్ని ఎవరూ చట్టబద్ధంగా తొలగించలేదని, లైప్‌జిగ్ తీర్పు ప్రకారం ప్రష్యా న్యాయమైన ప్రభుత్వం తనదేనని, దాన్ని తిరిగి నిలబెట్టాలని మిత్రరాజ్యాలకు ప్రతిపాదించాడు. వాళ్ళు పట్టించుకోలేదు. 1947 ఫిబ్రవరి 25న మిత్రరాజ్యాల మండలి తన 46వ శాసనంతో ప్రష్యా అనే రాష్ట్రాన్నే రద్దు చేసింది. బ్రౌన్ ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికి, 1955 డిసెంబరు 15న లొకార్నోలో చనిపోయాడు.